పాతకాలపు వలసలు, నేటి కాగితాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏభై, అరవై ఏళ్ల కింద ఊరు వదిలి వెళ్లినవాళ్లు, ఎక్కడినుంచో వచ్చి మన ఊళ్లలో స్థిరపడ్డవాళ్లు, ఇప్పుడు పెద్దవయసులో ‘మీరెవరో రుజువు చేసుకోండి’ అన్న మాట వినాల్సి వస్తోంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పెద్దక్క 1971లో నర్సు ఉద్యోగానికి ఇంగ్లండు పోయింది. అక్కడే కాపురం, పిల్లలు. ఇప్పుడు 78 ఏళ్లు. పాస్‌పోర్టు మాత్రం ఇప్పటికీ ఇండియాదే. శాశ్వతంగా ఉండొచ్చని ముద్ర ఉన్న పాత పాస్‌పోర్టు ఇల్లు మారేటప్పుడు పోయింది. ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్ అయ్యాయని, కావలిలో పుట్టినట్టు సర్టిఫికెట్ పంపమని అడుగుతోంది. మున్సిపాలిటీలో రికార్డు లేదంటున్నారు. స్కూలు కాగితంలో పుట్టింటి పేరు, అక్కడి కాగితాల్లో బావగారి ఇంటిపేరు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ అక్కగారు చూపించాల్సినవి రెండు: తాను ఎవరో ఒకటి, ఆ దేశంలో ఎప్పటినుంచి ఉంటున్నారో రెండోది. కావలి కాగితాలు మొదటిదానికి కొంత పనికొస్తాయి. రెండోదానికి వాటితో ఏమీ ఒరగదు, దాని రుజువులన్నీ ఇంగ్లండులోనే దొరుకుతాయి. అందుకని ముందు అక్కడి సంగతి చూద్దాం.

బ్రిటన్ 1971 ఇమిగ్రేషన్ చట్టం 1973 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకు అక్కడ స్థిరపడి ఉన్న కామన్‌వెల్త్ దేశాలవాళ్లకు కాలపరిమితి లేకుండా ఉండే హక్కును ఆ చట్టమే ఇచ్చింది. ఇండియా కామన్‌వెల్త్ దేశమే. ముద్ర ఆ హక్కుకు గుర్తు మాత్రమే, కాబట్టి ముద్ర పోయినంత మాత్రాన హక్కు పోదు. ఇలాంటివారి కోసం హోం ఆఫీసు (బ్రిటన్ హోం శాఖ) నడిపేదే విండ్‌రష్ స్కీం. అది కరీబియన్ దీవులవాళ్లకే అనుకుని మనవాళ్లు చాలామంది అటు చూడరు. 1973కు ముందు స్థిరపడ్డ భారతీయులకూ వర్తిస్తుంది. 1988 డిసెంబరు 31 లోపు వచ్చి స్థిరపడ్డవారు ఏ దేశం వారైనా అడగవచ్చు. దరఖాస్తుకు రుసుము లేదు. ముద్ర ఉన్న పాస్‌పోర్టు చేతిలో ఉంటే ‘నో టైం లిమిట్’ దరఖాస్తుతో ఈ-వీసా (ముద్రకు బదులు ఆన్‌లైన్‌లో ఉండే రికార్డు) తెచ్చుకోవచ్చు. అదీ ఉచితమే. మీ అక్కగారి దగ్గర ఆ పాస్‌పోర్టు లేదు గనుక మొదటి దారే మంచిది. వేల పౌండ్ల రుసుముండే కొత్త శాశ్వత నివాస దరఖాస్తును ఎవరైనా చేతిలో పెడితే సంతకం పెట్టొద్దని చెప్పండి. ఉన్న హక్కును మళ్లీ కొనుక్కోవాల్సిన పని లేదు.

ఒక్కటి తప్పకుండా అడిగి తెలుసుకోండి. మధ్యలో ఎప్పుడైనా వరుసగా రెండేళ్లు దాటి ఇండియాలో ఉన్నారా? ఉంటే ఆ హక్కు పోయి ఉండే వీలుంది. దాచితే తర్వాత బయటపడి మొత్తానికి చెడుతుంది. ఆ తేదీలు రాసి, ఎందుకు ఆగిపోవాల్సి వచ్చిందో దానికి తగ్గ కాగితంతో పెట్టాలి. పాత ప్రయాణాల తేదీలు గుర్తుకు రాకపోతే మీ ఇంటి పెళ్లిళ్లు, పురుళ్లు, కర్మల తేదీలతో లెక్క కట్టండి. శుభలేఖల వెనక తేదీలు ఉంటాయి.

ఇక అక్కడి రుజువులు. వచ్చినప్పటి కార్డు ప్రభుత్వం దగ్గర ఉంటుందిలే అని కూర్చోవద్దు. పాత ల్యాండింగ్ కార్డులను హోం ఆఫీసే 2010లో నాశనం చేసింది. ఓడ ప్రయాణికుల జాబితాలు ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నా అవి 1960తో ఆగిపోతాయి. 1971లో విమానంలో దిగినవారికి అక్కరకు రావు. అన్నిటికన్నా గట్టిది నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు. జీతంలోంచి చందా కట్టిన ప్రతి ఏడాదీ ఆ నంబరు కింద నమోదై ఉంటుంది. దరఖాస్తులో ఆ నంబరు రాస్తే పన్నుల శాఖ, పింఛన్ల శాఖ రికార్డులను హోం ఆఫీసు తానే సరిచూసుకోగలదు. నర్సుగా పనిచేశారు గనుక అప్పటి జనరల్ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం ఉంటే దానిమీద నంబరూ తేదీ రెండూ ఉంటాయి. ఆ కౌన్సిల్ 1983లో మరో సంస్థగా, 2002లో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌గా మారింది కాబట్టి పాత పత్రంలో సంస్థ పేరు వేరుగా ఉందని కంగారు పడవద్దు. ఇంటి డాక్టరు దగ్గరున్న వైద్య రికార్డును ‘సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్’ పేరిట ఉచితంగా అడగవచ్చు. మామూలుగా నెలలోపు ఇవ్వాలి. పిల్లల పూర్తి జనన సర్టిఫికెట్లలో తల్లి పుట్టింటి పేరు, అప్పటి చిరునామా కూడా ఉంటాయి. మీ అక్కగారికి ఇది రెండు విధాలా కలిసొస్తుంది. అక్కడ ఉన్నట్టూ రుజువవుతుంది, రెండు పేర్లూ ఒకే కాగితం మీదికి వస్తాయి.

ఇలాంటి పనుల్లో అసలు చిక్కంతా పేర్ల దగ్గరే. కాగితాలు గొలుసులా ఉండాలి, ప్రతి లంకె పక్కదాన్ని పట్టుకోవాలి. స్కూలు కాగితానికి, ఇంగ్లండు కాగితానికి మధ్య రెండు పేర్లూ ఉన్న పత్రం ఒక్కటైనా లేకపోతే చూసే అధికారికి ఇద్దరు మనుషులు కనబడతారు. పోయిన పాస్‌పోర్టు తర్వాత తీసుకున్నది ఏదైనా ఉంటే దాని చివరి పేజీ చూడమనండి. తండ్రి, తల్లి, భర్త పేర్లతో పాటు దానికి ముందున్న పాస్‌పోర్టు నంబరు, ఇచ్చిన తేదీ, ఇచ్చిన ఊరు అక్కడ అచ్చై ఉంటాయి. పోయినదాని ఆనవాలు అలా దొరుకుతుంది. కాలం తీరిన పాస్‌పోర్టని పారేయకుండా ఉండాల్సింది ఇందుకే.

ఇప్పుడు కావలిలో మీరు చేయగలిగింది. అన్నిటికన్నా ముందు చదివిన స్కూలుకు వెళ్లండి. అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ ఉంటాయి. హెడ్మాస్టరుకు తెల్లకాగితం మీద అర్జీ పెట్టి, చేరిన సంవత్సరం సుమారుగానైనా రాసి, ఆ పేజీ నకలును సంతకం, ముద్ర, తేదీతో తీసుకోండి. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఇంట్లో ఉంటే అది బంగారం. అందులో పుట్టుమచ్చలు కూడా రాసి ఉంటాయి. పేరు మారినా మచ్చ మారదు.

మున్సిపాలిటీలో రికార్డు లేదన్నారంటే రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది, తొలి పురుడు పుట్టింట పోస్తారు. మీ అమ్మగారి పుట్టిన ఊరు వేరైతే పెద్దక్క పుట్టుక ఆ ఊరి రిజిస్టరులో ఉంటుంది, కావలిలో ఉండదు. ఆ కాలపు పుస్తకాలు పంచాయతీలో లేకపోతే తహసీల్దారు కార్యాలయం రికార్డు గదిలో వెతికించాలి. రెండోది, పుట్టినప్పుడు బిడ్డకు పేరు పెట్టి ఉండరు కాబట్టి పాత రిజిస్టర్లలో ‘ఆడపిల్ల’ అని మాత్రమే రాసి తండ్రి పేరు వేసేవారు. మీ అక్క పేరు చెప్పి వెతకమంటే దొరకదు. తండ్రి పేరు, వీధి చెప్పి, స్కూలు తేదీకి అటూ ఇటూ రెండేళ్లు కలిపి చూడమని అడగండి. అప్పటికీ లేకపోతే ‘రికార్డు లభ్యం కాదు’ అని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటకు విలువ లేదు.

ఆ పత్రానికి తోడు ఒక అఫిడవిట్ కావాల్సి రావచ్చు. అది మీరు ఇవ్వకూడదు. మీరు చెల్లెలు, అక్క పుట్టుకను చూసినవారు కారు. చిన్నతమ్ముడు, మేనకోడలు ఇచ్చిన అఫిడవిట్లు తిరిగి రావడానికి కారణం ఇదే. అప్పటికే వయసులో ఉన్న పిన్నమ్మో మేనత్తో ఉంటే, తనకు ఆ సంగతి ఎలా తెలుసో ఒక్క వాక్యం చేర్చి, వారితో ఇప్పించండి. అక్క పెళ్లి, ఇంగ్లండు ప్రయాణం మీ కళ్లముందు జరిగాయి గనుక వాటి గురించి మీరు ఇవ్వవచ్చు.

ఆలస్య నమోదుతో కొత్త జనన సర్టిఫికెట్ చేయించాలన్న ఆలోచన మాత్రం ఆఖరికి ఉంచండి. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయడానికి గతంలో చట్టం ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు ఉత్తర్వు అడిగేది. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణతో చట్టమే ఆ అధికారాన్ని రెవెన్యూ అధికారులకు ఇచ్చింది. మీసేవలో అర్జీ పెట్టవచ్చు. వీలుంది కదా అని తొందరపడితే ఏమవుతుందంటే, పాస్‌పోర్టులో స్కూలు తేదీ, కొత్త సర్టిఫికెట్‌లో జాతకం తేదీ పడి, ఇప్పటిదాకా లేని తేడా పుట్టుకొస్తుంది. మొన్న తయారైన సర్టిఫికెట్ కన్నా 1950ల్లో హెడ్మాస్టరు ఇంకు కలంతో రాసిన గీతకే బరువెక్కువ. ఈ అవసరం వస్తుందని ఎవరూ అనుకోని రోజున రాసింది గనుక.

ప్రశ్న: మా నాన్నగారు గ్రీన్ కార్డు మీద 22 ఏళ్లుగా అమెరికాలో మా అన్న దగ్గర ఉంటున్నారు. వయసు 77. పౌరసత్వానికి పెడుతున్నాం. ఎస్.ఎస్.ఎల్.సి.లో కందుకూరు తాలూకా, నెల్లూరు జిల్లా అని, పాస్‌పోర్టులో ప్రకాశం జిల్లా అని ఉంది. ఏది సరిచేయించాలి?
— కందుకూరు నుంచి

జవాబు: ఏదీ సరిచేయించొద్దు, రెండూ నిజమే. కందుకూరు 1970 ఫిబ్రవరి 2 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ రోజు ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలో కలిసింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు, 2025 ఆఖరులో తిరిగి ప్రకాశంలోకి మార్చారు. రాష్ట్రం పేరు కూడా అంతే: 1953 అక్టోబరు 1కి ముందు మద్రాసు, ఆ తర్వాత ఆంధ్ర, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. ఈ తేదీలు అరపేజీలో రాసి దగ్గర ఉంచుకోండి. ఫారంలో ప్రస్తుత పాస్‌పోర్టులో, గ్రీన్ కార్డులో ఎలా ఉందో అలాగే రాయండి. అసలు పౌరసత్వ ఫారానికి మామూలుగా జనన సర్టిఫికెట్ అడగరు, గ్రీన్ కార్డే ఆధారం. ఒకవేళ తెలుగు కాగితం ఏదైనా పెడితే దానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ తప్పనిసరి. సారాంశం రాసి పెడితే ఒప్పుకోరు.

ఇంకో మంచి విషయం. 65 దాటి, గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష లేదు. పౌరశాస్త్రం ప్రశ్నలు కూడా 20 ప్రశ్నల చిన్న జాబితా నుంచే అడుగుతారు, తెలుగులోనే చెప్పవచ్చు. దుబాసీని మాత్రం మనమే తీసుకెళ్లాలి.

ప్రశ్న: మా అవ్వ 1952లో రంగూన్‌లో పుట్టింది. 1965లో తల్లిదండ్రులతో ఓడలో వచ్చేసింది. వాళ్ల నాయనది ఒంగోలు పక్కనే. ఇప్పుడు పాస్‌పోర్టుకు పెడితే పౌరసత్వం దగ్గర ఆగింది. ఓటరు కార్డు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఉన్నాయి.
— ఒంగోలు నుంచి

జవాబు: ఫారంలో పౌరసత్వం ఎలా వచ్చిందన్న గడి దగ్గర ‘పుట్టుక వల్ల’ అని పెట్టి ఉంటారు. పుట్టిన ఊరు రంగూన్ అని రాసి, పక్కన ‘పుట్టుక వల్ల’ అంటే ఆగక తప్పదు. భారతదేశంలో పుట్టినవారికే ఆ మాట. 1950 జనవరి 26 తర్వాత విదేశంలో పుట్టి, అప్పటికి తండ్రి భారత పౌరుడై ఉంటే ‘వంశం వల్ల’ అని పెట్టాలి. బర్మాలో ఉన్న మనవాళ్లు రాజ్యాంగం 8వ అధికరణం కింద అక్కడి భారత రాయబార కార్యాలయంలో పౌరులుగా నమోదు చేయించుకునే వీలుండేది. కాబట్టి వెతకాల్సింది అవ్వ కాగితాల కోసం కాదు, ఆమె తండ్రి కాగితాల కోసం. ఆ రోజుల్లో చిన్నపిల్లలకు మామూలుగా వేరే పాస్‌పోర్టు తీసుకునేవారు కాదు, తల్లి పాస్‌పోర్టులోనో తండ్రి పాస్‌పోర్టులోనో పేరు రాసేవారు. పదమూడేళ్ల పిల్ల పేరు ఆ పేజీలో దొరికితే పని సగం అయినట్టే.

అది లేకపోతే రంగూన్ రాయబార కార్యాలయం ఇచ్చిన గుర్తింపు పత్రం ఉందేమో చూడండి. 1963 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ బర్మా నుంచి వచ్చిన కాందిశీకులకు కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు ఉండేది. దానికి ఆ పత్రమో జిల్లా కలెక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టో కావాల్సి వచ్చేది. అవ్వ అన్నదమ్ముల్లో ఎవరైనా ఉద్యోగానికి పెట్టుకుని ఉంటే ఆ నకలు వాళ్ల పెట్టెలో ఉండవచ్చు. కాందిశీకులుగా ఇంటిస్థలం పట్టా, అప్పు ఏదైనా తీసుకుని ఉంటే తహసీల్దారు, కలెక్టరు కార్యాలయాల్లో ఫైలు ఉండాలి. సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘మా అవ్వ వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే పని కాదు. తండ్రి పేరు, వచ్చిన సంవత్సరం, ఊరు రాసి, ఫలానా ఏళ్ల మధ్య బర్మా కాందిశీకుల రిజిస్టరులో ఆ కుటుంబం నమోదు ఉన్న పేజీ నకలు కావాలని అడగండి.

ఓటరు కార్డు, ఆధార్ అన్నీ ఉన్నాయన్నారు. ఆధార్ నివాసానికి సంబంధించింది, పౌరసత్వానికి రుజువు కాదని దాని చట్టంలోనే ఉంది. ఓటరు జాబితాలో పేరు ఒక్కటే ఉంటే సరిపోదు.

ఎవరైనా ‘కొత్తగా పౌరసత్వానికి అర్జీ పెట్టేయండి’ అంటే వెంటనే ఒప్పుకోవద్దు. భారత సంతతివారు ఏడేళ్లు ఇక్కడ ఉంటే నమోదు ద్వారా పౌరసత్వం అడిగే దారి చట్టంలో ఉంది. నిజంగా వేరే దారి లేనివాళ్లకు అది వరమే. తండ్రి ద్వారా ఎప్పుడో పౌరురాలైన మనిషి ఆ అర్జీ పెడితే, తాను ఇన్నాళ్లూ పౌరురాలిని కానని తన చేత్తో రాసిచ్చినట్టవుతుంది. ముందు తండ్రి కాగితాల వెతుకులాట పూర్తిచేసి, ఈ చట్టం తెలిసిన వకీలుకు చూపించి, అప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: నేపాల్ నుంచి వచ్చి మా వీధిలో 40 ఏళ్లుగా రాత్రి కాపలా కాస్తున్న గూర్ఖా పెద్దాయనకు ఆధార్ లేదు. బ్యాంకులో, ఆస్పత్రిలో ఇబ్బంది పడుతున్నాడు. ఆయనకు వస్తుందా? వేలిముద్రలు కూడా సరిగా పడవు.
— నెల్లూరు నుంచి కొందరు వీధివాసులు

జవాబు: వస్తుంది. 1950 నాటి ఒప్పందం వల్ల నేపాలీలు వీసా లేకుండా ఇక్కడ ఉండవచ్చు. గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్న నేపాల్ పౌరుడు ఆధార్‌కు అర్హుడే. పెద్దవాళ్ల కోసం ఉన్న ఫారం 7 నింపాలి, నమోదు ఉచితం, కార్డు పదేళ్లు చెల్లుతుంది. నేపాల్ పాస్‌పోర్టు ఉంటే సులువు. లేకపోతే రెండు కలిపి కావాలి: ఆయన సొంత జిల్లాలో ఇచ్చిన నేపాల్ పౌరసత్వ పత్రం, మన దేశంలోని నేపాల్ దౌత్య కార్యాలయం 182 రోజులకు మించిన నివాసానికి ఇచ్చే పరిమితకాలపు ఫొటో గుర్తింపు పత్రం. మనవాడే కదా అని మామూలు ఫారంలో భారతీయుడిగా రాయించవద్దు. మంచి చేయబోయి ఆయన్ని కేసులో ఇరికించినవాళ్లవుతారు.

నమోదు కేంద్రంలో తప్పు జరిగేది పుట్టిన తేదీ దగ్గర. నేపాల్ పత్రంలో ఉండేది విక్రమ సంవత్సరం. అది ఏప్రిల్ నడుమ వైశాఖంతో మొదలై చైత్రంతో ముగుస్తుంది. అందులో 2010 అని ఉంటే, వైశాఖం నుంచి పుష్యం సగం దాకా పుట్టినవారికి 57 తీసేసి 1953, పుష్యం రెండో సగం నుంచి చైత్రం దాకా అయితే 56 తీసేసి 1954 వేసుకోవాలి. రోజుతో సహా లెక్క తేల్చి కాగితం మీద రాసుకుని వెళ్లండి. కౌంటరు దగ్గర అప్పటికప్పుడు అడిగితే ఏదో ఒక తేదీ పడిపోతుంది, దాన్ని మళ్లీ మార్పించడం పెద్ద పని.

వేలిముద్రల సంగతి: వయసు మీద పడి చర్మం ఎండి గీతలు అరిగిపోతాయి. ముందు రోజు రాత్రి చేతులకు కొబ్బరినూనె రాయించి, పొద్దున సబ్బుతో జిడ్డు పోయేట్టు కడిగించి, తుడిచి పంపండి. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టకుండా ఉదయమే తీసుకెళ్లండి. అప్పటికీ పడకపోతే కనుపాప ఉంది. రెండూ పనికిరాకపోయినా మినహాయింపు కింద నమోదు చేసే పద్ధతి ఉంది. ‘వేలిముద్రలు లేవు, కుదరదు’ అని కేంద్రంలో తిప్పి పంపితే 1947కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) నెల్లూరులో స్థిరపడ్డాను. వయసు 74. ఆధార్ తీసుకోవచ్చా? పాత ఓటరు కార్డు ఇంకా ఉంది, ఉంచుకోవచ్చా?
— నెల్లూరు నుంచి

జవాబు: ఆధార్ తీసుకోవచ్చు. మీకూ 182 రోజుల నిబంధన, ఫారం 7, పదేళ్ల గడువే. అసలు ఓసీఐ కార్డు, అమెరికా పాస్‌పోర్టు రెండూ పట్టుకెళ్లండి. పేరు ఆ పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. వెనక భారతీయుడిగా ఉన్నప్పుడు ఆధార్ తీసుకుని ఉంటే రెండోదానికి పోవద్దు. వేలిముద్రలు కలిసి తిరస్కరిస్తారు, ఉన్నదాన్నే మార్పించుకోవాలి.

ఓటరు కార్డు ఉంచుకోకూడదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న రోజే ఓటు హక్కు పోయింది. జాబితా నుంచి పేరు తీయించడానికి ఎన్నికల సంఘం ఫారం కూడా 7వ నంబరే. ఆధార్ ఫారం 7 వేరు, అది వేరు. రెండూ ఒకే రోజు నింపేటట్టయితే చూసుకుని ఇవ్వండి. పాత భారతీయ పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చిన పత్రాన్ని, అమెరికా పౌరసత్వ సర్టిఫికెట్ నకలును ఓసీఐతో పాటే భద్రం చేయండి. పేరు మారి ఉంటే పాత పేరుకూ కొత్త పేరుకూ ముడి వేసేవి అవే. ఓసీఐ ఉన్నవారు విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్లనక్కర లేదు. 50 ఏళ్లు దాటాక కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు మాత్రం ఒక్కసారి దాని నకలు, కొత్త ఫొటో ఓసీఐ వెబ్‌సైటులో మూడు నెలల్లోపు ఎక్కించాలి. దానికి డబ్బు కట్టనక్కర లేదు. మీరు ఇంకా ఎక్కించి ఉండకపోతే ఈ వారమే ఆ పని చేయండి.